దేవుళ్ళు లేని వారం

"ఆ బొరిగె పక్కన పెట్టండి పెద్దమ్మా. ఈ రాయి చుట్టూ యాభై అడుగుల దాకా ఇక తవ్వకూడదు," అన్నాడు హ్యోన్ గితే, భుజం మీంచి ఎర్రతాడు చుట్ట దించుతూ.

బు మాల్‌సున్ నడుం నిటారు చేసింది. డెబ్బై ఒకటో ఏట కూడా జేజు ద్వీపం ఒడ్డున సముద్రంలో మునిగి నత్తగుల్లలు ఏరుకొచ్చే మనిషి. ఊపిరి బిగపట్టడం ఆమెకి కొత్త కాదు.

"మరి క్యారెట్లు ఎవరు తీస్తారు నాయనా, నువ్వా?"

"మాది వారసత్వ సంపద ఆఫీసు. ఇది మామూలు రాయి కాదు. అగ్నిపర్వతం పేలినప్పుడు ఆకాశంలోకి ఎగిరి ఇక్కడ పడింది. వేల ఏళ్ళ నాటిది."

"నేను దీన్ని తిట్టని తిట్టు లేదు. ఇంత గొప్పదని ముందే చెప్పాల్సింది."

అరెకరం చేను నట్టనడుమ చూడి పందంత నల్లరాయి. యాభై అడుగులంటే చేను సగం పోయినట్టే. ఆమె బతుకు ఆ చేనూ, ఆ సముద్రమూ.

"ఎప్పట్నుంచి?"

"సోమవారం ప్రొఫెసరుగారు వచ్చి చూసి సంతకం పెడతారు. అప్పట్నుంచి."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా ఉట్టి రాయే," అన్నాడు హ్యోన్.

మాల్‌సున్‌కి ఆ ఒక్క మాట చాలు.

మర్నాడు గాలి హోరుకి ఆడవాళ్ళెవరూ సముద్రంలోకి దిగలేదు. ఒడ్డున చలిమంట దగ్గర ఆమె సంగతి చెప్పగానే, రోజూ ఆమెతో సముద్రంలో మునిగే యాంగ్ చునజా చెంపలేసుకుంది.

"పాత రాయిని కదిలిస్తే నేల దేవుడు ఊరుకుంటాడా అక్కా? మా మామ గుమ్మం ముందు మెట్టు జరిపి మూడు నెలలు మంచం పట్టాడు."

"మీ మామ జరిపింది ఎండాకాలంలో. ఇప్పుడు ఏ వారం?"

చునజా మొహం విప్పారింది. జనవరి ఆఖరు. ఏటా లాగే పాత దేవుళ్ళు బదిలీ మీద పైకి వెళ్ళిపోయారు. కొత్తవాళ్ళు ఇంకా చార్జి తీసుకోలేదు. ద్వీపంలో ఇళ్ళు మారినా, మరుగుదొడ్లు పడగొట్టినా ఈ వారంలోనే. అడిగే నాథుడుండడు.

"మరి ఆ ఆఫీసువాళ్ళు?"

"వాళ్ళేమన్నా దేవుళ్ళకంటే పెద్దవాళ్ళా?"

ఆరుగురు ఆడవాళ్ళు గునపాలు పట్టారు. చేనిగోడ రాళ్ళు ఊడదీసి దారి చేశారు. చెక్కలు వేసి, మోకులు బిగించి, రాయిని ట్రాక్టరు తొట్టిలోకి దొర్లించారు.

"సముద్రంలో పడేద్దాం," అంది చునజా.

"తప్పు. సర్కారు మనసుపడ్డ వస్తువు. వాళ్ళకే ఇచ్చేద్దాం."

పొద్దుగుంకే వేళకి రాయి వారసత్వ సంపద ఆఫీసు గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. చేనిగోడ మళ్ళీ ఎప్పట్లాగే లేచింది.

సోమవారం హ్యోన్ కందగడ్డలాంటి మొహంతో వచ్చాడు. వెనకే నెరిసిన తల ప్రొఫెసరు.

"ఏం పని పెద్దమ్మా ఇది? పొద్దుట్నుంచీ ఆఫీసులోకి ఒక్కొక్కళ్ళం పక్కకి తిరిగి దూరుతున్నాం."

"మీ సొత్తు మీ గుమ్మంలో ఉంటే మీకే కాపలా సులువు. ఇక్కడ రాయి లేదు, కాబట్టి నీ యాభై అడుగులూ లేవు. తాడు చుట్టేసుకో."

ప్రొఫెసరు ఈ మాటలేవీ వినడం లేదు. రాయి లేచిన గుంటలోకి బూట్లతోనే దిగాడు. చేత్తో మట్టి దులిపాడు. గుంట గోడకి బూడిద పొరలు, ఒకదానిమీద ఒకటి పరిచిన బొంతల్లా. మధ్యలో ఎవరో బరువైన మనిషి కూర్చుని లేచినట్టు అన్నీ కిందికి కుంగి ఉన్నాయి.

"రాయి తీసిందెవరు?" గుంటలోంచే అడిగాడాయన.

"నేనే. సంతకం పడకముందే తీశాను," అంది మాల్‌సున్ గడ్డం ఎత్తి.

ఆయన పైకొచ్చి, మట్టి మోకాళ్ళతోనే ఆమె ముందు నడుం వంచి దణ్ణం పెట్టాడు.

"ముప్పై ఏళ్ళుగా ఈ పొరల కోసమే తిరుగుతున్నానమ్మా. బూడిద మెత్తగా ఉన్నప్పుడు రాయి వచ్చి పడితేనే ఇలా కుంగుతాయి. పైన రాయి ఉన్నంతకాలం దాన్ని కదిలించే ధైర్యం మాలో ఎవరికీ ఉండేది కాదు."

మాల్‌సున్‌కి సగమే అర్థమైంది. అయినా గెలిచానని మాత్రం తెలిసింది.

"అయితే ఆ రాయి సంగతి?"

"రాళ్ళకేం, ద్వీపమంతా రాళ్ళే. అది మీరే ఉంచుకోండి పెద్దమ్మా," అన్నాడు ప్రొఫెసరు కాగితం మీద సంతకం చేస్తూ. "మాకు ఈ పొరలున్న చేను మొత్తం వదిలేస్తే చాలు."