మద్రాసు చేపపిల్లలు

"చెయ్యి తియ్ పెద్దాయనా, గాజుకి మరకలు పడతాయి!"

సిలార్ అరుపుకి ఆ ముసలాయన తొట్టి మీద నుంచి చెయ్యి తీశాడు. కళ్ళు మాత్రం తియ్యలేదు.

వరసగా ఇది మూడో రోజు. మోకాళ్ళ పైకి పంచె, భుజాన మిరపఘాటు కొట్టే తువ్వాలు. కొనడు. పొమ్మంటే పోడు. గుంటూరులో ఇన్ని కొట్లుండగా ఈ రంగుచేపల కొట్టే దొరికిందా ఈయనకి?

అసలే సిలార్ చిరాకులో ఉన్నాడు.

మద్రాసు నుంచి రైల్లో వచ్చిన రెండు చేపపిల్లల సంచుల్లో ఒకటి దారిలో కారింది. కంగారులో రెండింటినీ ఒకే తొట్టిలో గుమ్మరించాడు. ఒక సంచిలోవి ఫైర్‌మౌత్‌లనే సాధువులు. రెండో సంచిలోవి డెంప్సీలు. అవి పెరిగాయంటే పక్క చేపని బతకనివ్వవు.

పెద్దయ్యాక రంగులొస్తాయి, ఎవరైనా పోల్చుకుంటారు. ఇప్పుడు మాత్రం నలభైకి నలభై బూడిదరంగు పిల్లలు, అన్నిటికీ నల్లచారలే. భూతద్దం పెట్టి చూశాడు. రంగుల పుస్తకం తిరగేశాడు. పుస్తకం నిండా పెద్ద చేపలే!

మద్రాసు వ్యాపారి ఇమ్మానియేలుకి ట్రంకాల్ చేస్తే, "ఏదో ఒకటి చేస్తాలే భాయ్" అని పెట్టేశాడు.

శనివారం రెబ్కా టీచరు వస్తుంది. బడిలో పిల్లలు ఏడాదిగా పెంచుకుంటున్న చేపల తొట్టిలోకి ఇరవై సాధువులు కావాలంది. కిందటిసారి సిలార్ ఇచ్చిన చేప ఆ తొట్టిలో సగం చేపల్ని చంపింది.

"ఈసారి కూడా అలా జరిగితే మీ గడప తొక్కను సిలార్ గారూ. ఎవర్నీ తొక్కనివ్వను కూడా" అని చెప్పి మరీ వెళ్ళింది.

"సాయిబు గారూ, ఇందులో రెండు రకాలున్నాయి" అన్నాడు ముసలాయన.

ఆ సంగతి చెప్పి సిలార్ కొట్టుకొచ్చిన ప్రతివాడి దగ్గరా ఏడుస్తూనే ఉన్నాడు. విని వాగుతున్నాడనుకున్నాడు.

"ఉంటే?"

"మొప్ప మూత మీద నల్లచుక్క ఉంది చూడండి, ఇది మంచిది. అక్కడ చుక్క లేనిది పోట్లాటమారి. వేరు చేసెయ్యండి."

సిలార్ వంగి చూశాడు. అన్నిటికీ అన్నిచోట్లా చుక్కలున్నట్టే కనిపించింది. ఇంకా ఒళ్ళు మండింది.

"ఏ ఊరు మనది?"

"పొదిలి అవతలండి. ఇక్కడ మిరప యార్డు అరుగు మీద పడుకుంటన్నా."

"ఏం పండిస్తావు?"

"మిరప ఏసేవోణ్ణి. వానల్లేవు గదండీ."

"బోర్డు చదివావా? అచ్చమైన మద్రాసు సరుకు! మిరపకాయల్లో తాలు ఏరినట్టు ఏరడానికి కుదరదు."

ముసలాయన ఏదో చెప్పబోయి ఆగాడు. తొట్టి వైపు చూసి, "నిండుగా నీళ్ళున్నాయి. అదే సంతోషం" అన్నాడు.

నీళ్ళు లేకుండా చేపల్ని గోనెసంచిలో పెడతారా? మనిషికి కాస్త తేడా ఉందని సిలార్ తీర్మానించేశాడు.

శుక్రవారం తలుపు దగ్గరగా వేసి నమాజుకి వెళ్ళొచ్చాడు. వచ్చేసరికి ముసలాయన స్టూలు మీద కూర్చుని, చిన్న వలతో పిల్లల్ని ఒక్కొక్కటే పట్టి పక్కనున్న తొట్టిలో వేస్తున్నాడు.

"ఏయ్! ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను?"

"అయిపోయింది సాయిబు గారూ. ఇరవై అటు, ఇరవై ఇటు. ఈ పక్కవి సాధువులు."

"నువ్వు ఏరితే నేను నమ్మి ఇచ్చి, రేపు టీచరమ్మ చేత చీవాట్లు తినాలా?"

వల లాక్కుని, ఆ తొట్టిలోవన్నీ దేవి మళ్ళీ మొదటి తొట్టిలోనే కలిపేశాడు.

"కలిపేశారా?" అన్నాడు ముసలాయన. తువ్వాలు దులుపుకుని మెట్లు దిగాడు.

నలభై పిల్లలూ ఆయన వెళ్ళిన వైపు గాజుకి మూగాయి. మేత కోసమనుకున్నాడు సిలార్.

మర్నాడు మెతకగా కనిపించిన ఇరవైని ఏరి టీచరుకిచ్చాడు.

రెండు నెలలకి రెబ్కా టీచరు మూతపెట్టిన స్టీలు గిన్నెతో వచ్చింది. మూత తీస్తే ఒకే ఒక్క చేప, ఒళ్ళంతా నీలిచుక్కలతో గిర్రున తిరుగుతోంది.

"బడిలో మిగిలింది ఇదొక్కటే. పిల్లలు అన్నాలు మానేసి ఏడ్చారు. మీరే ఉంచుకోండి" అని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

సిలార్‌కి తల కొట్టేసినట్టయింది. ఆ కోపమంతా కాగితం మీద పెట్టి ఇమ్మానియేలుకి ఉత్తరం రాశాడు. 'వెంటనే నలభై సాధువుల్ని పంపు. వాటిని పోల్చే మనిషిని కూడా పంపు' అని.

వారానికి జవాబొచ్చింది. సిలార్ నిలబడే చదివాడు.

'భాయ్, మనిషిని అప్పుడే పంపాను కదా! నువ్వు ఫోన్ చేసిన రోజే పొదిలి ఆదెయ్యకి కబురు పెట్టాను. నాలుగేళ్ళుగా నీకు పంపిన ప్రతి పిల్లా ఆయన సిమెంటు తొట్లలో పుట్టిందే. మద్రాసు సరుకంటే తప్ప మీ గుంటూరు వాళ్ళు కొనరని, ఆ సంగతి గాని, నా పేరు గాని నీ దగ్గర ఎత్తొద్దని నేనే ఆయన చేత ఒట్టేయించుకున్నాను. ఇకమీదట పిల్లల్ని పంపలేను. బావి ఎండిపోయి ఆయన తొట్లన్నీ ఖాళీ చేశాడు. నీకొచ్చిన నలభయ్యే ఆఖరివి. వేరు చేసిచ్చి, నీళ్ళున్న చోటికే చేరాయో లేదో కళ్ళారా చూసుకుని వస్తానని బయల్దేరాడు.'