అత్తగారి వెంట వెళ్లిన నీడ

కాకినాడలో అత్తగారింటి నుంచి సముద్రానికి బయలుదేరినప్పుడు మా వెంట ఉన్నవి అత్తగారు కలిపిన పులిహోర డబ్బా, తల మీద ఎగురుతూ నీడ పరిచే నీడపిట్ట అనే యంత్రం. ఇసుక మీద కూర్చోడానికి మా కొట్లో అమ్ముడుపోని నూలు దుప్పటి కూడా తెచ్చాను కానీ, దాన్ని లెక్కలో వేయలేదు.

ఇప్పటి ఎండలకి నీడ లేనివాళ్లను సముద్రం దగ్గరికి వదలరు. పెద్దావిడ కదా అని పిట్టను అత్తగారి పేరున పెట్టాం. ఆవిడ ఎటు నడిస్తే అదీ అటే.

డబ్బా తెరవగానే ఒక ముద్ద తిని, "ఉప్పు కాస్త తగ్గింది," అన్నాను.

"ఎదురుగా సముద్రం ఉందిగా, కలుపుకోండి అల్లుడుగారూ!" అని అత్తగారు విసురుగా లేచి బస్‌స్టాప్ వైపు నడిచారు. నీడా ఆవిడ వెంటే వెళ్లిపోయింది.

కాపలా యంత్రం వచ్చి మమ్మల్ని వెనక్కి పొమ్మంది. ఎన్నడూ సముద్రం తాకని మా మేధిని కళ్లు నిండాయి. "నాన్నా, ఒక్క అల!"

దుప్పటి విప్పాను. పెళ్లికూతురి మీద పట్టినట్టు నేనూ మా ఆవిడా, మాతో వచ్చిన బావమరిదీ అతని భార్యా నాలుగు మూలలూ ఎత్తి పట్టుకున్నాం. యంత్రం కాసేపు తటపటాయించి దారిచ్చింది. పిల్లలు మా మధ్య కేకలేస్తూ నీళ్లలోకి దిగారు.

"మీ మూల జారిపోతోంది, ఇటివ్వండి!" వెనక అత్తగారి గొంతు.

తిరుగు బస్సులో లెక్క చూసుకున్నాను. పోయింది ఉప్పునీళ్లకి పాడైన ఒక దుప్పటి. వచ్చింది మేధిని గుప్పిట్లో తడి ఇసుక, అత్తగారు మళ్లీ నా చేతిలో పెట్టిన పులిహోర. సముద్రంలో తడిసిన చెయ్యి కావడం వల్లనేమో, ఈసారి ఉప్పు సరిపోయింది.