ఆరు కిలోల రెండు వందలు

కాటా ముల్లు ఈసారీ ఆరు కిలోల రెండు వందల దగ్గరే ఆగింది. అంగన్‌వాడీ టీచరు కామేశ్వరి పాపను దించి, కాటాను ఒకసారి తట్టి, మళ్ళీ తూచింది. ముల్లు మొండిగా అక్కడికే వచ్చింది.

"కాటా పాడైందేమో టీచరుగారూ," అంది పాప నాయనమ్మ సరోజ ఆశగా.

కాటా పాడవలేదు. ఇందాకే అందులో పక్కింటి పిల్లాడు నాలుగు వందల గ్రాములు పెరిగినట్టు తేలింది. పదకొండు నెలల వైష్ణవి మాత్రం మూడు నెలలుగా అంగుళం కదలని బండిలా అక్కడే ఉంది.

ఆగిరిపల్లి పక్కన ఆ ఊళ్ళో కామేశ్వరికి పన్నెండేళ్ళ సర్వీసు. తిండి లేక చిక్కిన పిల్లల్ని చూసింది, జబ్బు చేసి చిక్కిన పిల్లల్ని చూసింది. చక్కగా తింటూ, ఏ జబ్బూ లేకుండా చిక్కిపోయే పిల్లను చూడటం ఇదే మొదలు.

తింటోందని ఎవరో చెబితే నమ్మడం కాదు. ప్రతి శుక్రవారం ఇళ్ళకు తిరిగేటప్పుడు తనే కళ్ళారా చూస్తోంది. తల్లి సౌజన్య తెల్లవారకముందే మామిడికాయలను సైజులవారీగా వేరుచేసే గ్రేడింగు పనికి వెళ్ళిపోయి, చీకటి పడ్డాక వచ్చి పాలిస్తుంది. పగలంతా పాప సరోజ చేతిలోనే ఉంటుంది. సరోజ సబ్బుతో చేతులు కడుక్కుని, మెత్తగా పిసికిన పప్పన్నంలో కాస్త నూనె వేసి, గుడ్డు చిదిమి ముద్దలు పెడుతుంది. వైష్ణవి ఆవురావురుమంటూ తింటుంది. ఒక గిన్నె అయిపోగానే రెండో గిన్నెకు చేతులు చాస్తుంది. తిన్న తిండంతా ఎక్కడికి పోతోందో కామేశ్వరికి అంతుబట్టలేదు.

సరోజను అనుమానించడానికి మనసొప్పలేదు. ఏడో నెలలో ఆమె తనకు తోచినట్టు అన్నం పెడితే పాపకు విరేచనాలు పట్టుకుని సెలైన్ దాకా వెళ్ళింది. ఆ రోజు కామేశ్వరి ఆసుపత్రి వరండాలోనే, నలుగురూ చూస్తుండగా, ఆమెను నోటికొచ్చినట్టు కేకలేసింది. ఆ భయం సరోజకు ఇంకా పోలేదు.

"నేను చెప్పినట్టే పెడుతున్నావా అక్కా?" అని ఎప్పుడడిగినా ఒకటే జవాబు.

"అచ్చం మీరు చెప్పినట్టేనండీ. తప్పితే ఒట్టు."

హనుమాన్ జంక్షన్‌లో పిల్లల డాక్టరుకు చూపించారు. చేయించిన పరీక్షల్లో దేనిలోనూ జబ్బు బయటపడలేదు. తిండి సరిపోతోందా అని ఆయన అడిగితే, రెండేసి గిన్నెలు తింటోందని కామేశ్వరే సాక్ష్యం చెప్పింది. ఆయన కూడా కాసేపు కాగితాలు అటూ ఇటూ తిరగేసి, బలానికి మందు రాసి పంపించాడు.

మందుతోనూ ముల్లు కదలలేదు. వచ్చే తూకానికి పెరగకపోతే పెద్దాసుపత్రిలో చేర్చాల్సిందేనని సూపర్‌వైజరు చెప్పేసింది. కామేశ్వరి బెంగ అది కాదు. పాపకు నిలకడగా కూర్చునే ఓపిక కూడా లేదు. ఈలోగా ఓ జ్వరం తగిలితే పిల్ల దక్కదేమోనని ఆమెకు భయం పట్టుకుంది. ఎంత ఆలోచించినా లెక్క తెగలేదు.

సోమవారం మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక బండి తీసి సరోజ ఇంటికి వెళ్ళింది. చాప మీద వైష్ణవి ఏడ్చి ఏడ్చి గొంతు పోయి మూలుగుతోంది. సరోజ గ్లాసుతో నీళ్ళపాలు పడుతోంది. వంట అయిపోయింది. అన్నం, పప్పు మూత పెట్టి ఉన్నాయి. గుడ్లూ ఉన్నాయి.

"ఒంటిగంట దాటింది. పాపకు అన్నం పెట్టలేదేం అక్కా?"

సరోజ అయోమయంగా చూసింది. "ఇవాళ సోమవారం కదండీ."

"సోమవారమైతే?"

ఆమె గబగబా చేతులు కడుక్కుని, అన్నం పిసికి తెచ్చింది. గిన్నెను చూడగానే పాప మూలుగు ఆపింది. "ఎలాగూ వచ్చారు కాబట్టి పెట్టేస్తానండీ. శుక్రవారం దాకా దీని ఏడుపు చూడలేక చస్తున్నాను," అంది సరోజ.

మరి ఇన్నాళ్ళూ మిగతా రోజుల్లో ఎందుకు పెట్టలేదని కామేశ్వరి అడిగింది.

"'నేను దగ్గర లేకుండా మెతుకు పెట్టొద్దు' అని ఆసుపత్రిలో మీరేగా అన్నారు టీచరుగారూ."