మంచి చెయ్యి

“శనివారం పేజీ ఎవరు రాశారు నజీమా?”

రేచల్ టీచర్ నోటుబుక్కు తెరిచి బల్లమీద పరిచింది. నజీమా జవాబిచ్చేలోపే, పక్కనున్న ఏడేళ్ల కొడుకు ఆసిఫ్ బల్లమీది బిస్కెట్ల ప్లేటు వైపు ఎడంచెయ్యి చాపాడు. నజీమా ఆ చేతిమీద చిన్నగా ఒకటి వేసింది.

“ఒరేయ్, ఆ చెయ్యి గాదు. మంచి చెయ్యి.”

వాడు ఆ చేతిని వీపు వెనక దాచేసుకున్నాడు. కుడిచేత్తో బిస్కెట్టు తీసుకోబోయి కింద పడేశాడు.

నరసరావుపేటలో, మాటా నడకా ఆలస్యమైన పిల్లల కోసం నడిపే చిన్న బడి అది. బళ్లో పూసలు గుచ్చిస్తారు, మైనం పిసికిస్తారు. రాత మాత్రం ఇంటిదగ్గర, రోజుకొక పేజీ. మూడు వారాల్లో చేతికి కాస్తయినా పట్టు వస్తేనే ఉంచుతాం, లేకపోతే ఆ చోటు ఇంకో బిడ్డకిస్తాం అని చేరిన రోజే చెప్పారు. ఆ మూడు వారాలూ ఇవాళ్టితో సరి.

“ఈ ఇరవై పేజీలు చూడమ్మా,” అంది టీచర్. “ర చూడు, ఎట్టా వణికిందో. గ చూడు, గీత దాటి ఎక్కడికి పోయిందో. బిడ్డ ఎంత కష్టపడితే ఇంత వచ్చింది! నాకు చానా సంతోషమేసింది. మరి ఈ శనివారంది చూడు. గాజుల్లాగా గుండ్రంగా ఉన్నాయి. ఇది వాడి చెయ్యి కాదు. అవునా, కాదా?”

నజీమా తేలుకుట్టిన దొంగలా నిలబడింది. వాడి చెయ్యి కానివి ఆ ఇరవై పేజీలే. వాడి వేళ్లల్లో పెన్సిలు నిలవక, పట్టించిన ప్రతిసారీ వాడు ఏడుస్తుంటే, పొయ్యి దగ్గర పీటేసుకుని తనే రాసింది. తిన్నగా రాస్తే దొరికిపోతానని ఎడంచేత్తో రాసింది. ఆరో తరగతితో ఆగిన చదువు, ఆపైన అలవాటు లేని చెయ్యి. అచ్చం చంటిపిల్లల రాతే వచ్చింది. వాడు పక్కనే కూర్చుని సీసా మూతలు పేర్చుకుంటూ ఉండేవాడు.

శనివారం మాత్రం తను ఎడ్లపాడులో చుట్టాల చావుకు వెళ్లింది. తిరిగొచ్చేసరికి పేజీ నిండి ఉంది. ఆడబిడ్డ కూతురు ఆసియా రాసిపెట్టి ఉంటుందిలే అనుకుని, పుస్తకం సంచిలో పెట్టేసింది.

“మాట్లాడవేందమ్మా?”

ఆ ఒక్క పేజీ తనదని ఒప్పుకుంటే ఇరవై పేజీలు బతుకుతాయి. బిడ్డ ఇక్కడే ఉంటాడు.

“నేనే రాశా మేడం,” అంది నజీమా, తల దించుకుని.

వెనక బెంచీమీది తల్లులంతా ఒక్కసారిగా ఇటు తిరిగారు.

“మావాడియ్యి ఉత్త పిచ్చిగీతలే మేడం,” అంది కుసుమ, అందరికీ వినపడేట్టు. “గీతలైనా వాడియ్యే. మేం వేలు పెట్టం!”

ఎవరో కిసుక్కున నవ్వారు. నజీమాకు తల కొట్టేసినట్టయింది. ఒప్పుకున్నదానికే ఇంత సిగ్గయితే, ఒప్పుకోనిది బయటపడితే?

“ఊరుకో కుసుమా,” అని టీచర్ తెల్లకాగితం ఒకటి తీసి బల్లమీద పెట్టింది. “తల్లి రాస్తే బిడ్డ వేళ్లకేం వచ్చుద్ది నజీమా? సరేలే, అయ్యిందేదో అయ్యింది. ఇరవై రోజులు రాశాడుగా, నా ముందు ఒక్కసారి రాయమను. రిపోర్టులో అదే రాస్తాను. రా నాన్నా ఆసిఫ్.”

నజీమా ఆసిఫ్ భుజం పట్టుకుంది. “వాడికి… పొద్దుట్నుంచి ఒంట్లో బాగాలేదు మేడం.”

“ఒక్క అక్షరమేగా.”

ఆసిఫ్ కుర్చీ ఎక్కి కూర్చున్నాడు. కుడిచేతి గుప్పిట్లో పెన్సిలు పట్టుకున్నాడు. కాగితం మీద ఆనించగానే ముక్కు టప్పున విరిగింది. టీచర్ చెక్కి ఇచ్చింది. ఈసారి కాగితం చిరిగింది. వాడి కింది పెదవి వణకడం మొదలైంది.

టీచర్ ఆ చిరుగు వైపు చూసింది. ఇరవై పేజీల వైపు చూసింది. ఆ తర్వాత నజీమా వైపు చూసింది. ఆ చూపు నజీమాకు చెంపదెబ్బలా తగిలింది. పవిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చేసింది చెప్పేసి, కాళ్లు పట్టుకుందామని ఒక అడుగు ముందుకేసింది.

అంతలో ఆసిఫ్ తలెత్తి అమ్మను చూశాడు. వీపు వెనక్కి పోయిన ఎడంచెయ్యి మెల్లగా బల్లమీదికొచ్చింది. పెన్సిలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారింది. మూడు వేళ్ల మధ్య ఒద్దికగా నిలిచింది.

ర. గాజులా గుండ్రంగా. దాని పక్కన గ. ఆ పక్కన ఇంకో ర. శనివారం పేజీలో ఉన్నవే, ఒక్క వంకర లేకుండా.

బెంచీమీద నవ్వులు ఆగిపోయాయి. టీచర్ కుర్చీలో ముందుకు జరిగింది. నజీమాకు కళ్లముందు ఏం జరుగుతోందో అర్థం కాలేదు. నోరు మాత్రం అలవాటుగా అనేసింది.

“ఒరేయ్, ఆ చెయ్యి గాదురా!”

ఆసిఫ్ రాయడం ఆపి, ఒక్కొక్క మాటే కూడదీసుకుంటూ టీచర్‌తో చెప్పాడు.

“అమ్మ గూడా… రోజూ… నా పుస్తకంలో… ఈ చేత్తోనే రాసుద్ది మేడం!”