ఖాళీ చేయించిన షాపు

"కొత్త భవనం ఎప్పుడు కడతారండీ?" ఓనరు గడ్డానికి సబ్బు రాస్తూ అడిగాడు బార్బరు.

దానికోసమే ఈ ఓనరు అతని షాపుతో పాటు భవనంలోని షాపులన్నీ ఖాళీ చేయించాడు. నాలుగేళ్లయినా పాత భవనానికి తాళాలు అలాగే ఉన్నాయి. బార్బరు దాని ఎదుటే, రోడ్డు పక్కన కుర్చీ వేసుకున్నాడు.

"ఎక్కడ కట్టేది? బిల్డర్లొచ్చి, వీధంతా బోసిపోయింది, ఇక్కడెవరు కొంటారని వెళ్లిపోతున్నారు."

"షాపులున్నప్పుడు కాలు పెట్టే సందుండేదా ఇక్కడ?"

"అదే నా ఏడుపు! మీతోపాటే జనమూ పోయారు."

"పోనీ, తాళాలివ్వండి. మళ్లీ తెరుస్తాం."

"స్లాబు పెచ్చులూడిపోయింది. ఇప్పుడది నీకూ పనికిరాదు, నాకూ పనికిరాదు."

కత్తి ఆగిపోయింది. ఈ మనిషిని తిట్టుకోని రోజు లేదు బార్బరుకి.

"నా పొట్ట కొట్టి మీరైనా బాగుపడ్డారనుకున్నానండీ!"