రేకు గొంతు

"ఆ గొంతు తీసెయ్యండి."

ఆ మాట అన్నది ఒకావిడ చేతిలోని ఫోను. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టుంది దాని గొంతు.

ఆస్ట్రేలియాలో, హోబార్ట్ రేవు పక్కన హాల్లో సమావేశానికొచ్చినవాళ్లంతా ఆల్చిప్పల మాంసం కూరిన స్కాలప్ పైలు తింటున్నారు. బ్రోడీ చేతిలో పై ముక్క అలాగే ఆగిపోయింది.

బ్రోడీకి పుట్టుకతో చూపు లేదు. బెల్‌బర్డ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందంలో, తెర మీది అక్షరాలు చదివి వినిపించే ప్రోగ్రాం బాధ్యత అతనిది. ఎవరో ఎక్కడో రాసి పంపుతారు. అందులో ఎవరైనా మార్చుకునే, పంచుకునే స్వేచ్ఛ లేని ముక్క ఉంటే పీకేసి, మిగతాది మళ్లీ మూటగట్టి, పేరు చివర 'కడిగినది' అని తగిలించి జనానికి ఇవ్వడం ఆ బృందం ఆచారం.

ఆ మూటలో ఏళ్ల తరబడి ఒక కంపెనీ ఇచ్చిన ఆడగొంతు వస్తోంది. వెచ్చటి గొంతు. బ్రోడీకి ఉత్తరాలూ వార్తలూ నవలలూ అన్నీ ఆ గొంతులోనే తెలుసు.

దాని మీద 'ఫ్రీ' అని ఉంది. వాళ్ల ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకీ అదే మాట. బెల్‌బర్డ్ వాళ్లంతటివాళ్లూ పప్పులో కాలేశారు.

"ఫ్రీ అనే రాశారు కదండీ కంపెనీవాళ్లు," అన్నాడు బ్రోడీ.

ఫోను మీద వేళ్లు టకటకలాడాయి.

"డబ్బడగలేదు, అంతే. మార్చకూడదన్నారు. ఎప్పుడైనా వెనక్కి లాక్కుంటామన్నారు. అదా మీ స్వేచ్ఛ?"

బ్రోడీకి ఒళ్లు మండింది.

"అది తీసేస్తే నేను దేంతో చదవాలి? మీ రేకు గొంతుతోనా?"

"అవును. ఇది నిజంగా స్వేచ్ఛగలది. నేను దీంతోనే బతుకుతున్నా."

పక్కవాడు బ్రోడీ చెవిలో చెప్పాడు, ఆమె పేరు ఈనిడ్ రెనిక్ అనీ, గొంతుకి ఆపరేషనై మాట పోయిందనీ. బ్రోడీ నొచ్చుకున్నాడు గానీ తగ్గలేదు.

"మరి మీరే ఆ మంచి గొంతు పెట్టుకుని మాట్లాడొచ్చుగా? ఎవరొద్దన్నారు?"

ఈసారి వేళ్లు ఒక్కో అక్షరమే నొక్కాయి.

"ఒకరి సొత్తు వాళ్ల చేతిలోనే పెట్టి, ఇదిగో ఉచితం అంటే, దండం పెట్టి పుచ్చుకోమంటావా బాబూ? నేను పుచ్చుకోను."

బ్రోడీకి అర్థం కాలేదు. కానీ ఇంటికెళ్లాక మనసు కుదురుగా లేదు. ఎంతమంది మొత్తుకున్నా వినకుండా ఎన్ని ముక్కలు పీకాడు తను! నియమం తన చెవి దాకా వచ్చేసరికి జాలి పుట్టుకొచ్చిందా?

తన చేతులతోనే ఆ గొంతు పీకేశాడు. పేరు చివర 'కడిగినది' అని తగిలించాడు. ఆ మాటని యంత్రం రేకు గొంతుతో చదివితే ఏడుపొచ్చింది.

కంపెనీ ఊరుకోలేదు. చిన్న సంతకం పెడితే గొంతు మళ్లీ వాడుకోవచ్చని కబురు పెట్టింది.

"కడిగేశాం. మళ్లీ మురికి చేసుకోం," అని జవాబిచ్చాడు బ్రోడీ.

ఈనిడ్ కూడా ఊరుకోలేదు. రేకు గొంతుని బాగుచేస్తూ తరచూ సవరణలు పంపేది. లాన్‌సెస్టన్‌ని 'లాన్‌స్టన్' అని ఖూనీ చేసే యంత్రానికి ఊరి పేరు సరిగ్గా పలకడం ఆమే నేర్పింది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ప్రశ్న చివర ఎంత లేపాలో కూడా. రేకు గొంతు మెల్లగా మనిషి గొంతైంది.

బ్రోడీ ప్రతి సవరణా తీసుకున్నాడు. ఒక్కసారీ థాంక్స్ చెప్పలేదు. బెట్టు.

వసంతం వచ్చేసరికి సవరణలు ఆగిపోయాయి. తర్వాత ఆమె పోయిందన్న కబురొచ్చింది.

చెప్పని థాంక్స్ చెబుదామని అంత్యక్రియలకు వెళ్లాడు. అమ్మ ఒకప్పుడు రేడియోలో కథలు చదివేదనీ, రేడియోవాళ్లు ఆ టేపుల్ని ఏదో కంపెనీకి అమ్మేశారనీ చెప్పి, ఈనిడ్ కూతురు పాత టేపు పెట్టింది.

"పిల్లలూ, కాస్త దగ్గరికి జరగండి..." అంది టేపు.

బ్రోడీ చేతికర్ర జారి నేల మీద పడింది.

ఇన్నేళ్లూ తనకు లోకాన్ని చదివి వినిపించిన గొంతు, తన చేతులతో తానే పీకేసిన గొంతు, ఈనిడ్‌దే.