నలభై ఒకటో అర్థం

మా ఆయన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు రాస్తున్నారు. 'ఫాల్' అంటే నాకు తెలిసింది చీరకు కుట్టేది ఒక్కటే. ఆ ఇంగ్లీషు మాటకే ఆయన పుట్టుపూర్వోత్తరాలతో సహా నలభై అర్థాలు పోగుచేశారు. ఒక్కో అర్థానికి ఒక్కో చీటీ. దాని మీద ఎవరో అనగా విన్న వాక్యం, విన్న తేదీ. వాటిని వరసలో పెట్టడం నా పని.

"విననిది రాస్తే చెయ్యి పడిపోతుందే," అంటారు.

ఈ ఉదయం కొత్త చీటీ ఇచ్చారు. "పాపం, ఆవిడ మేడ మీంచి పడి పోయిందట" అని పక్కింటివాళ్ల మాట. తేదీ రేపటిది.

"తేదీ తప్పు పడిందండీ," అన్నాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశారు. "సరిగ్గానే ఉందిలే. పెట్టెలో పెట్టేయ్."

తరువాత నవ్వుతూ, "రేపు మేడ మీద బట్టలు ఆరేయడానికి నేనూ వస్తా," అన్నారు.

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన ఒక్కనాడూ తడిబట్ట ముట్టుకోలేదు.